షోరూమ్ సర్వీసింగ్‌నీ, వారంటీనీ ఎంతవరకు నమ్మవచ్చు? పంతొమ్మిదేళ్లు వర్క్‌షాపుల్లో పనిచేసినవాడి సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరులో కొత్తగా కొన్న కారు, ఇప్పటికి ఇరవై రెండు నెలలు, 21 వేల కిలోమీటర్లు. పెయిడ్ సర్వీస్‌కి ఇస్తే పొద్దున 6,500 అన్నారు, సాయంత్రం 13,900 బిల్లు చేతిలో పెట్టారు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమవైపు 'టక్'మని శబ్దం వస్తోందని చెబితే "మన రోడ్లు అలాంటివి సార్, వేర్ అండ్ టేర్, వారంటీలో రాదు" అన్నారు. మీ బావమరిదేమో షోరూమ్ మానేసి బయట మెకానిక్‌కి చూపిద్దామంటున్నారు. అలా చేస్తే వారంటీ పోతుందేమోనని మీ టెన్షన్.

నేను విజయవాడ ఆటోనగర్‌లో హెల్పర్‌గా మొదలుపెట్టాను. తర్వాత రెండు కంపెనీల డీలర్ల దగ్గర టెక్నీషియన్‌గా, సర్వీస్ అడ్వైజర్‌గా (కౌంటర్ దగ్గర కస్టమర్‌తో మాట్లాడి కారు తీసుకునే మనిషి), చివరి ఆరేళ్లు వర్క్‌షాప్ మేనేజర్‌గా చేశాను. ఆ అనుభవంతో ఒక్క మాట ముందే చెప్తాను. షోరూమ్‌లో జరిగే పనుల్లో కొన్నింటికి పైనుంచి కంపెనీ లెక్క అడుగుతుంది, కొన్నింటికి ఎవరూ అడగరు. కంపెనీ లెక్క అడిగే పనుల్ని చాలావరకు నమ్మవచ్చు. మిగతావాటికి లెక్క అడగాల్సింది మీరే. మీ 13,900లో ఎక్కువ భాగం ఆ ఎవరూ అడగని పనులదే అయి ఉంటుంది.

ముందు వారంటీ సంగతి. వారంటీలో పార్ట్ మారిస్తే డీలర్‌కి నష్టమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పార్ట్ ఖరీదు, దాన్ని బిగించిన లేబర్ రెండూ కంపెనీ డీలర్‌కి తిరిగి ఇస్తుంది. అయితే ఆ డబ్బు ఊరికే రాదు. డీలర్ దగ్గర వారంటీ ఇన్‌చార్జి అని ఒకరు ఉంటారు. ఆయన జాబ్ కార్డు (కారు ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదులు, చేయాల్సిన పనులు రాసే కాగితం), పాడైన పార్ట్ ఫొటోలు, కిలోమీటర్ల రీడింగు, ఎందుకు పాడైందన్న వివరం అన్నీ కంపెనీకి పంపాలి. తీసేసిన పార్ట్‌కి ట్యాగ్ కట్టి, కంపెనీవాళ్లు వచ్చి చూసేదాకా దాచిపెట్టాలి. ఆడిట్‌లో "ఇది తయారీ లోపం కాదు" అని తేలితే, అప్పటికే ఇచ్చిన డబ్బును కూడా డీలర్ ఖాతాలోంచి వెనక్కి తీసుకుంటారు. పైగా అదే పనిని కస్టమర్ దగ్గర డబ్బు తీసుకుని చేస్తే వచ్చే లేబర్, కంపెనీ ఇచ్చే వారంటీ లేబర్ కన్నా ఎక్కువ.

కౌంటర్ దగ్గర మీరు విన్న 'వేర్ అండ్ టేర్' అన్న మాట ఇక్కడినుంచే వస్తుంది. చాలాసార్లు అది కంపెనీ ఇచ్చిన జవాబు కాదు. క్లెయిమ్ పంపితే తిరిగొస్తుందేమోనన్న భయంతో, పంపకుండానే అడ్వైజర్ చెప్పే జవాబు. అందుకే ఆ మాట నోటితో వింటే సరిపోదు, కాగితం మీద అడగండి. "ఏ పార్ట్ పాడైంది, వారంటీ బుక్‌లెట్‌లో ఏ షరతు ప్రకారం రాదంటున్నారు, రాసి సంతకం పెట్టి ఇవ్వండి" అనండి. గొంతు పెంచనక్కర్లేదు. అలా అడిగిన కస్టమర్ ఫైలు నేరుగా నా టేబుల్ మీదకి వచ్చేది. అప్పుడు నేను కారు కింద నిలబడి స్వయంగా చూసేవాణ్ని. తప్పుగా కాదన్నామని చాలాసార్లు అక్కడే తేలేది.

బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు, ఫిల్టర్లు, బల్బులు లాంటివి అరిగిపోయే సామాను, మామూలు వాడకంలో అరిగితే వారంటీలో రావు. టైర్లకీ బ్యాటరీకీ వాటి తయారీదారుల వారంటీ వేరుగా ఉంటుంది. మీ శబ్దం మాత్రం ముందు చక్రం దగ్గరి సస్పెన్షన్ భాగాల్లో ఏదో ఒకదాన్నుంచి, అంటే స్టెబిలైజర్ లింక్ రాడ్ నుంచో, స్ట్రట్ మౌంట్ నుంచో, లోయర్ ఆర్మ్ బుష్ నుంచో వస్తూ ఉండవచ్చు. కొన్ని కంపెనీలు రబ్బరు బుష్‌లకు తక్కువ గడువు పెడతాయి, కొన్ని అసలు మినహాయిస్తాయి. గ్లవ్ బాక్స్‌లో ఉన్న ఆ బుక్‌లెట్ తీసి మినహాయింపుల పేజీ ఒక్కటి చదవండి. అడ్వైజర్లలో కూడా ఆ పేజీ పూర్తిగా చదివినవాళ్లు తక్కువే.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యమని నేను అనుకుంటాను, ఎందుకంటే నా కళ్లముందు మనుషులు నష్టపోవడం చూశాను. జాబ్ కార్డు మీద మీ ఫిర్యాదు, మీ మాటల్లో, ప్రతిసారీ రాయించండి.

నేను పనిచేసిన ఒక వర్క్‌షాప్‌కి ఒకే మోడల్ కార్లున్న ఇద్దరు కస్టమర్లు వచ్చేవారు. ఇద్దరిదీ ఒకటే బాధ, మధ్యాహ్నం పూట ఏసీ చల్లగా రావట్లేదని. ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. సర్వీస్‌కి వచ్చినప్పుడల్లా కళ్లజోడు పెట్టుకుని జాబ్ కార్డు చదివేవారు. "ఏసీ మధ్యాహ్నం చల్లబడడం లేదు" అన్న లైన్ లేకపోతే పెన్ను తీసి తనే రాసి, పక్కన తేదీ వేసేవారు. మా వాళ్లు ప్రతిసారీ గ్యాస్ నింపి పంపేవారు. రెండో ఆయన వ్యాపారస్తుడు, ఎప్పుడూ హడావిడే. అడ్వైజర్‌తో నోటితో చెప్పి తాళం ఇచ్చి వెళ్లిపోయేవారు. అడ్వైజర్ కార్డు మీద "జనరల్ చెకప్" అని రాసేవాడు.

వారంటీ అయిపోయిన కొన్ని వారాలకి ఇద్దరి కార్లలోనూ కూలింగ్ కాయిల్ లీకని తేలింది. డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాల్సిన పని. మాస్టారి నాలుగు జాబ్ కార్డులు కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ ముందు పెట్టాను. లోపం వారంటీలోనే మొదలైందని అందులో స్పష్టంగా ఉంది కాబట్టి, గడువు దాటినా గుడ్‌విల్ కింద, అంటే ఇవ్వాల్సిన బాధ్యత లేకపోయినా కస్టమర్‌ని దృష్టిలో పెట్టుకుని, కాయిల్ ఇచ్చారు. రెండో ఆయన కోసం కూడా అడిగాను. "రికార్డు చూపించండి" అన్నారు. చూపించడానికి ఏమీ లేదు. ఆయన జేబులోంచే కట్టారు. ఆయన ఏసీ గురించి చెప్పడం నేను చెవులారా విన్నాను, అయినా ఏమీ చేయలేకపోయాను. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది.

మీ విషయంలోనూ అంతే. ఆ శబ్దం గురించి మొన్నటి జాబ్ కార్డులో ఉందా లేదా చూసుకోండి. లేకపోతే మళ్లీ వెళ్లి రాయించండి. శబ్దాల విషయంలో ఇంకొకటి. కారు వదిలేసి రాకండి. ఫ్లోర్ సూపర్‌వైజర్‌నో, సీనియర్ టెక్నీషియన్‌నో పక్కన కూర్చోబెట్టుకుని, శబ్దం వచ్చే చోటికే తీసుకెళ్లి వినిపించండి. వర్క్‌షాప్ ఆవరణలో నున్నటి సిమెంటు నేల మీద తిప్పి "ఏమీ రావట్లేదు సార్" అనడం చాలా తేలిక.

ఇక బిల్లు. ఫ్రీ సర్వీస్ అయినా ఫ్రీ అయ్యేది లేబర్ మాత్రమే, ఆయిల్‌కీ ఫిల్టర్‌కీ డబ్బు కట్టాలి. అందులో మోసమేమీ లేదు. మీది పెయిడ్ సర్వీస్ కాబట్టి లేబర్ కూడా ఉంటుంది. పొద్దున చెప్పిన 6,500 అలాంటి సర్వీస్‌కి సరిపోయేదే. మిగతా ఏడు వేల పైచిలుకు ఎక్కడిదో మీరు రాసిన లైన్లలోనే ఉంది: ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంజిన్ ఫ్లష్, ఏసీ డిసిన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్, ఇంజిన్ డ్రెస్సింగ్. మా భాషలో వీటిని వ్యాస్ అంటారు, వాల్యూ యాడెడ్ సర్వీస్‌లకి ముద్దుపేరు. ప్రతి అడ్వైజర్‌కీ నెలకి ఇంత వ్యాస్ అమ్మాలని టార్గెట్ ఉంటుంది. అమ్మితే ఇన్సెంటివ్, అమ్మకపోతే పొద్దుటి మీటింగులో అందరి ముందు మాటలు పడాలి. నెలాఖరు వారంలో ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువ. నేనూ ఆ టార్గెట్లు పెట్టినవాణ్నే, వాటికోసం అడ్వైజర్ కుర్రాళ్లని తిట్టినవాణ్నే. అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మీకు వీలుంటే కారుని నెల మొదట్లో, వారం మధ్యలో ఇవ్వండి. పని మీద శ్రద్ధ కూడా ఎక్కువ ఉంటుంది.

21 వేలు తిరిగిన కారుకి, స్టార్టింగ్ ట్రబుల్ లేదు, పికప్ తగ్గలేదు, మైలేజీ పడిపోలేదు అన్నప్పుడు ఇంజెక్టర్ క్లీనింగ్ అనవసరం. ఓనర్స్ మాన్యువల్‌లో సర్వీస్ షెడ్యూల్ అని ఒక పట్టిక ఉంటుంది, ఎన్ని కిలోమీటర్లకి ఏది మార్చాలో, ఏది చూసి వదిలేయాలో అందులో రాసి ఉంటుంది. ఆ పట్టిక ఫొటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి. అడ్వైజర్ చెప్పే ప్రతి పనికీ "పట్టికలో ఉందా?" అని ఒక్కటే అడగండి. లేకపోతే వద్దనండి. వద్దన్నందుకు వారంటీ పోదు. పోతుందని ఎవరైనా అంటే అదీ రాసిమ్మనండి.

అలాగని అన్నిటినీ అనుమానించకండి. బ్రేక్ ఆయిల్ చాలా కార్లలో రెండేళ్లకోసారి మార్చమని షెడ్యూల్‌లోనే ఉంటుంది. చూడటానికి ఏమీ తేడా కనబడదు కాబట్టి జనం వద్దంటారు. కానీ ఆ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. తిరుమల ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో దిగేటప్పుడు బ్రేకులు ఆగకుండా తొక్కితే వేడెక్కి, ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఆ కొన్ని వందల దగ్గర బేరం ఆడకండి.

ఆయిల్ నిజంగా మార్చారా అన్న అనుమానం అందరికీ ఉంటుంది. దానికి సులువైన దారి ఒకటుంది. కారు ఇచ్చే ముందు మీరే బానెట్ తెరిచి డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) లాగి తెల్ల టిష్యూ కాగితం మీద తుడవండి. పెట్రోలు కారులో పాత ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంటుంది. సాయంత్రం కారు తీసుకునేటప్పుడు మళ్లీ తుడిస్తే తేనె రంగు మరక కనబడాలి. డీజిల్ కారుకి ఈ పరీక్ష పనికిరాదు, కొత్త ఆయిల్ కూడా కాసేపట్లోనే నల్లబడుతుంది. ఎయిర్ ఫిల్టర్ అంచు మీద మార్కర్‌తో చిన్న చుక్క పెట్టండి, మార్చామంటే ఆ చుక్క ఉండకూడదు. బిల్లులో ఆయిల్ ఎన్ని లీటర్లు వేశారో మాన్యువల్‌తో పోల్చండి. చిన్న పెట్రోలు కార్లకి సాధారణంగా మూడు నుంచి నాలుగు లీటర్లు పడుతుంది. తీసేసిన పార్టులు డబ్బు కట్టి మార్పించినవైతే మీవే, డిక్కీలో పెట్టి ఇమ్మని జాబ్ కార్డు మీదే రాయించండి. ఈ ఒక్క లైన్ కార్డు మీద ఉంటే టెక్నీషియన్ ఆ కారు దగ్గర జాగ్రత్తగా ఉంటాడు. వారంటీలో మార్చిన పాత పార్ట్ మాత్రం అడగకండి, అది కంపెనీకి చూపించాలి.

బ్రేక్ ప్యాడ్లు మార్చాలంటే ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో అడగండి. కొత్తవి సుమారు పది ఉంటాయి, రెండు మూడుకి వచ్చాక మార్చాలి. ఆరు ఉందంటే ఇంకా బోలెడు ప్రయాణం ఉంది.

ఎస్టిమేట్ దాటి ఏ పని చేయాలన్నా ఫోన్ చేసి, వాట్సాప్‌లో రేటు పంపి, మీరు సరేనన్నాకే చేయాలని కార్డు మీద రాయించండి. మొన్న అలా అడగకుండా చేశారు కాబట్టి ఆ అదనపు పనుల డబ్బు వెనక్కి అడిగే హక్కు మీకుంది. ఇంకో చిన్న విషయం, 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఇంకా 28 కనిపిస్తే ఊరుకోకండి.

ఇక మీ బావమరిది గారి మాట. బయట చేయిస్తే వారంటీ మొత్తం పోతుందా? ఈ విషయంలో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్‌లో పోటీని దెబ్బతీసే కంపెనీల మీద చర్య తీసుకునే కేంద్ర సంస్థ) 2014 ఆగస్టులో పెద్ద తీర్పే ఇచ్చింది. స్పేర్ పార్టులు బయట దొరక్కుండా చేస్తున్నారని 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట మెకానిక్ దగ్గర చేయించుకున్నాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, బయటి పనివల్ల పాడైన దానికి మాత్రం కాదనవచ్చని చెప్పింది. కంపెనీలు దానిమీద పై కోర్టులకి వెళ్లాయి.

సూత్రం అలా ఉన్నా, నా సలహా మాత్రం వేరు. వారంటీ ఉన్నన్నాళ్లు షెడ్యూల్ సర్వీసులు కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే, గడువు దాటకుండా చేయించండి. ఎందుకంటే రేపు ఇంజిన్‌లోనో గేర్‌బాక్స్‌లోనో పెద్ద పని వస్తే, బయట వేసిన ఆయిల్ వల్ల కాదని నిరూపించుకునే పని మీ నెత్తిన పడుతుంది. దానికి పట్టే కాలం, తిరుగుడు మీరు మిగుల్చుకున్న రెండు మూడు వేలకి తగదు. అయితే కొన్న డీలర్ దగ్గరే చేయించాలన్న రూలు లేదు. అదే కంపెనీ సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లోదైనా ఫర్వాలేదు, రికార్డంతా కంప్యూటర్‌లో ఉంటుంది. గుంటూరులో నచ్చకపోతే విజయవాడ వెళ్లండి. పంక్చర్లు, టైర్లు, వీల్ అలైన్‌మెంట్, వాటర్ వాష్ బయట నిశ్చింతగా చేయించుకోవచ్చు.

వైరింగ్ కత్తిరించడం మాత్రం చేయకండి. కొత్త హారన్, ఫాగ్ లైట్లు, పెద్ద స్పీకర్లు అని వైరు తొక్క తీసి ముడివేసి టేపు చుడతారు. ఆ తర్వాత ఏ ఎలక్ట్రికల్ లోపం వచ్చినా మొదట ఆ టేపునే ఫొటో తీస్తారు, క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. ఈ విషయంలో కంపెనీని తప్పుపట్టలేను. వైరు కోయకుండా కప్లర్‌తో (ప్లగ్‌లా నొక్కి తగిలించే కనెక్టర్) బిగించేవి దొరుకుతాయి, అవే తీసుకోండి.

ఇన్సూరెన్స్ మా దగ్గర చేయించకపోతే వారంటీ ఉండదని కూడా కొందరు చెప్తారు. పచ్చి అబద్ధం. రెండింటికీ సంబంధమే లేదు. సంబంధం లేదన్న మాట ఇంకో వైపునుంచి కూడా గుర్తుపెట్టుకోండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్లలో నానిన కార్లని తెచ్చి "ఏడాది కూడా కాలేదండి, వారంటీ ఉంది కదా" అని అడిగినవాళ్ల ముఖాలు నేను మర్చిపోలేను. వరద నీటికి వారంటీ వర్తించదు, అది ఇన్సూరెన్స్ చూసుకోవాలి. అందులోనూ మునిగిన కారుని స్టార్ట్ చేసి ఇంజిన్‌లోకి నీళ్లు లాగితే, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకుని ఉండకపోతే మామూలు పాలసీ కూడా ఆదుకోదు. నీళ్లు తగ్గినా తాళం తిప్పకుండా టోయింగ్ వాహనం పిలవడమే దారి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా అని కూడా అడిగారు. ముందు ఆ కాగితం మీద ఎవరి పేరుందో చూడండి. కార్ల కంపెనీ స్వయంగా ఇచ్చేది ఒకటి, డీలరో ఇంకో సంస్థో అమ్మేది ఇంకొకటి. నేనైతే కంపెనీదే తీసుకుంటాను. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టర్బో ఇంజిన్, సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ ఉన్న కారైతే తప్పకుండా తీసుకోండి, ఒక్క కంట్రోల్ మాడ్యూల్ ధరతో ఆ డబ్బు తిరిగొస్తుంది. మాన్యువల్ గేర్ల పెట్రోలు కారు, నెలకి ఐదారు వందల కిలోమీటర్ల వాడకం అయితే అంత అవసరం లేదు. మొదటి వారంటీ ముగిసేలోపే తీసుకోవాలి, తర్వాత ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా రేటు పెరుగుతుంది.

మాట వినకపోతే ఏం చేయాలి? డీలర్ వేరు, కంపెనీ వేరు అన్నది ముందు అర్థం చేసుకోవాలి. గోవాలో ఒక డీలర్ 2011 మోడల్ అని డబ్బు తీసుకుని, అప్పటికే తిరిగిన 2009 నాటి కారు అంటగట్టిన కేసులో, డీలర్ చేసిన ఆ తప్పు కంపెనీకి తెలుసని రుజువు కానిదే దాన్ని బాధ్యురాలిని చేయలేమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. కాబట్టి ఫిర్యాదు ఎప్పుడూ ఇద్దరికీ పెట్టండి. డీలర్‌కి మెయిల్, కాపీ కంపెనీ కస్టమర్ కేర్‌కి. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నంబరు పడితే అది ఏరియా సర్వీస్ మేనేజర్‌కి కనబడుతుంది, డీలర్ జవాబు రాయక తప్పదు. సర్వీస్ అయ్యాక కంపెనీ మీ అభిప్రాయం అడిగి మార్కులు వేయమంటుంది, అప్పుడు "పదికి పది ఇవ్వండి సార్, లేకపోతే నా జీతం కోస్తారు" అని అడ్వైజర్ బతిమాలతాడు. ఆ ఒత్తిడి నిజమే. పని పూర్తికాకుండా మాత్రం పది ఇవ్వకండి, ఇచ్చాక మీ ఫిర్యాదుకి బలం ఉండదు.

అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఇప్పుడు మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు, సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. బిల్లు మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కానీ ఒక పార్ట్ పాడైతే కారు మొత్తం మార్చి ఇవ్వాలని అడగకండి. మారుతి కారు క్లచ్ లోపం కేసులో సుప్రీంకోర్టు 2006లోనే, వారంటీ షరతు ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చాలి తప్ప కారుని కాదని తేల్చింది. అడగాల్సింది సరిగ్గా అడిగితే త్వరగా వస్తుంది.

మీ కారు ఏ కంపెనీదో రాయలేదు. ఈ రోజుల్లో చాలా కంపెనీల వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. మారుతి కూడా 2024 జూలైలో రెండేళ్లు, 40 వేల నుంచి అక్కడికే పెంచింది. కాబట్టి మీ బుక్‌లెట్‌లో ఎంత ఉందో ఈ రాత్రే చూడండి. రెండేళ్లే అయితే మీకు మిగిలింది రెండు నెలలు, ఆ శబ్దం ఈ వారమే జాబ్ కార్డు మీదకి ఎక్కాలి. మినహాయింపుల పేజీ, మొన్నటి జాబ్ కార్డు, బిల్లు, ఈ మూడింటి ఫొటోలు మీ పేరు, కారు నంబరు కనబడకుండా పెట్టండి. ఏ లైన్ డబ్బు వెనక్కి అడగవచ్చో, మెయిల్‌లో ఎలా రాయాలో చూసి చెప్తాను.